కంప్యూటర్ ముందు ఖాళీ బిందెలు

అమ్మా,
కోపం తప్ప నాకు వేరే జబ్బేమీ లేదు. ఫోన్లో అరిస్తే హాస్టలంతా వింటుందని కార్డు రాస్తున్నాను. ఇక్కడ రీసెర్చి చేసేవాళ్లందరికీ కలిపి ఒకటే పెద్ద కంప్యూటర్. మన శింగనమల వానల లెక్క దానికిచ్చి వంతు కోసం కాచుకుంటే, నా ముందున్నవన్నీ మా డిపార్టుమెంటు అశోక్ సారు పెట్టిన ఉత్త పేర్లే, లోపల లెక్కే లేదు! రేపెప్పుడో పనిపడితే వంతు ఉండాలట. "ట్యాంకర్ కాడ ఖాళీ బిందెలు పెట్టి పోతే మాయమ్మ తన్ని పారేస్తాది సార్" అన్నాను. "ఏమ్మా, ఇది ట్యాంకర్ కాడ కొట్లాట అనుకుంటివా? రీసెర్చి!" అన్నాడు.
లెక్క తేలేదాకా శనక్కాయ విత్తొద్దని నాయనకు గట్టిగా చెప్పు. మేక ఈనిందా? తమ్ముడు గిరికి నా దీవెనలు. ట్యాంకర్ రాని రోజు చూసుకొని నువ్వొకసారి బస్సెక్కి రా, సారును చూపిస్తాను.
నీ ఈశ్వరి