కుర్చీ అడుగున అంకె

చిట్టితల్లికి, ఈ దేశం కాని దేశానికి క్షేమంగా చేరాను. మోకాలి నొప్పి కూడా నాతోనే దిగింది. మీ అమ్మకి మాత్రం చెప్పకు.

మన కొట్టుకి నువ్వు కొనమన్న కుర్చీలు చూశాను. ఫ్యాక్టరీ ఆవిడ కూర్చోమని ఒక కుర్చీ చూపిస్తే, వడ్రంగి బుద్ధి ఎక్కడికి పోతుంది, ముందు దాన్ని తిరగేశాను. అందులో పిల్లి పడుకుందని నాకేం తెలుసు! పిల్లి బల్ల మీదికి, టీ నా చొక్కా మీదికి. అయినా చూడాల్సింది చూశాను. ఒక్క మేకు లేదు, అతుకుల్లో గోరు దూరదు. అడుగున ఏదో అంకె చెక్కి ఉంది.

"ఇదేమిటమ్మా?" అని దుబాసీ చేత అడిగించాను.

"ఏ చెట్టు చెక్కతో చేశామో ఆ చెట్టు నంబరండీ."

"అంకెలు నేనూ చెక్కగలను. నరికిన చోటు చూపించమను."

నిజంగానే తీసుకెళ్ళింది. నరికిన మొదలుకి అదే అంకె, పక్కనే దాని బదులు నాటిన మోకాలెత్తు మొక్కలు రెండు. నలభై ఏళ్ళు చెక్క కోశానా, ఏ చెట్టుదని ఒక్కనాడూ అడగలేదే అని సిగ్గేసింది.

నువ్వు రెండొందల కుర్చీలు అడిగావు. ఈ ఏడాది కోతకొచ్చిన చెట్లకి ఎనభయ్యే వస్తాయట. నిన్నడక్కుండానే సరేనన్నాను. తిట్టదలుచుకుంటే వచ్చాక తిట్టు.

నా బాడిసెకి నూనె రాశావా? మీ అమ్మ మందులు వేసుకుంటోందా? పెరట్లో నేను రంపపు పొట్టు పోసే మూల శుభ్రం చేయించి, మొక్కలు నాటడానికి రెండు గోతులు తవ్వించు. ఒకటి మా పెళ్ళిమంచానికి కోసిన చెట్టు బదులు, ఒకటి నీ ఉయ్యాలకి కోసిన చెట్టు బదులు. ఆ మొక్కలు మానులై నీడనిచ్చేదాకా నువ్వు చల్లగా ఉండాలి.

మీ నాన్న