తార్నాక షెడ్డుకూ ఎర్ర కారుకూ నేను చేసిన ఏర్పాటు

మేకల కొమురెల్లి అనే నేను, తండ్రి పేరు కీర్తిశేషులు లక్ష్మీనర్సయ్య, వయసు అరవై ఏడు, యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసి రిటైర్ అయినవాడిని, ప్రస్తుతం మాణికేశ్వర్ నగర్ నివాసిని, ఎవరి బలవంతమూ లేకుండా నా సొంత చేతితో రాసుకుంటున్న వీలునామా ఇది.

తెలివి సరిగ్గా ఉన్నదని ముందే రాయాలని వకీలు చెప్పాడు. సరిగ్గానే ఉన్నది. నిన్న కళ్లు మూసుకొని పద్నాలుగు బోల్టులు వేళ్లతో తడిమి సైజులు చెప్పాను, ఒక్కటీ తప్పు పోలేదు. చేతులు వణుకుతాయి, గుండెకు రెండు స్టెంట్లు పడ్డాయి. ఆ రెండూ డాక్టరు కాగితంలో ఉన్నాయి, దాన్ని దీనికి జతచేశాను. రేపు ఎవరైనా ముసలాయనకు మతి పోయిందని అనదలుచుకుంటే ఇది మొత్తం చదివి అనండి.

1. ఊరి పొలం. చేర్యాల దగ్గర మా ఊళ్లో ఉన్న ఎకరం పది గుంటలు పిత్రార్జితం. దాని మీద నా ఒక్కడి మాట చెల్లదు. చట్టం ఎట్లా పంచితే అట్లా పంచుకోండి. తూర్పు గట్టును మా తమ్ముడు అర గజం నా వైపు జరిపాడు. నలభై ఏళ్లుగా చూస్తున్నాను. నాకు తెలుసని వాడికి తెలియడానికే ఇక్కడ రాశాను. గట్టును కదిలించకండి.

2. మాణికేశ్వర్ నగర్‌లోని రెండు గదుల ఇల్లు. నా భార్య రాజవ్వ బతికినంత కాలం అది ఆమెది. ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని వెళ్లిపొమ్మనాలో ఆమె ఇష్టం. ఆమె తర్వాత కొడుకు భూపాల్‌కు, బిడ్డ జ్యోతిర్మయికి చెరి సగం. షెడ్డులో కారు చాంబర్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) పని ఉన్న రోజు రాజవ్వ నా టిఫిన్ డబ్బాలో గోధుమపిండి ముద్ద ఒకటి విడిగా పెట్టేది. మొదటిసారి అడిగినప్పుడు మాత్రం, “కార్లు గూడ రొట్టె తింటయా ఏంది?” అన్నది. ఆ తర్వాత అడగలేదు, పెట్టడం మానలేదు. బ్యాంకులో ఉన్నదంతా ఆమెకే.

3. జ్యోతిర్మయికి, నేను లేత్ మీద చేసిన ఇత్తడి బొంగరం, నా కొలతల పెట్టె. చిన్నప్పుడు నాతో వర్క్‌షాపుకు వస్తానని రోజూ ఏడ్చేది. ఆడపిల్లకు అక్కడేం పని అని నేనే ఆపాను. ఆమె ఇప్పుడు సీతాఫల్‌మండిలో టీచరు, సంతోషంగానే ఉన్నది. అయినా ఆ మాట తప్పు. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత ఆమెకే అప్పగిస్తున్నాను. అన్న గట్టిగా మాట్లాడితే ఆమె ఇంకా గట్టిగా మాట్లాడగలదు.

4. భూపాల్‌కు, ఘట్‌కేసర్ దగ్గరి నూటయాభై గజాల ప్లాటు, నా మోటర్ సైకిల్. పానా పట్టమంటే గోళ్లు నల్లబడతాయన్నాడు. అది నేరం కాదు, అందరికీ ఆ పని పడదు. కానీ పని పడనివాడు పని జాగా అడగకూడదు. “తార్నాకల ఆ జాగకు ఎంత డిమాండ్ ఉన్నదో తెల్వదు బాపు నీకు. మూడంతస్తులు లేపి పిల్లలకు హాస్టల్ పెడదాం” అని మూడేళ్లుగా అంటున్నాడు. నాకు తెలుసు బిడ్డా. ఆ జాగలో రోజుకు పన్నెండు గంటలు పడుకున్నాను, కారు కింద.

5. తార్నాక షెడ్డు. అరవై రెండు గజాల జాగ, రేకుల షెడ్డు, లిఫ్టు, వైస్, పానాలు, కరెంటు మీటరుతో సహా, నా జీతంతో, నా చేతి పనితో కొన్న స్వార్జితం. దీన్ని పూర్తి హక్కులతో గ్లోరీకి ఇస్తున్నాను. గ్లోరీ అంటే ఎవరని కోర్టువాళ్లు అడగొచ్చు. యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా చేసిన ఏసురత్నం గారి బిడ్డ. వాళ్లది బాపట్ల వైపు, లాలాగూడలో ఉంటారు. డిప్లొమా చేసి పదకొండేళ్ల కింద నా షెడ్డుకు వచ్చింది. ఇప్పుడు షెడ్డులో జరిగే పనిలో ముప్పావు వంతు ఆమె చేతిది, బిల్లు మీద పేరు నాది.

మా బావమరిది అన్నాడు, “ఏసురత్నం బిడ్డకు జాగ రాసిస్తే మన కులపోళ్ల ముందట తల ఎట్ల ఎత్తాలె?” అని. ఎత్తలేకపోతే దించుకొని తిరుగు. భూపాల్ వేరే రకంగా అన్నాడు, “జనం ఏమనుకుంటరో ఆలోచించినవా?” అని. ఆలోచించాను. జనం అనుకునేదాన్ని పేరు పెట్టి రాసే ధైర్యం వాడికి లేదు, నాకున్నది. నాకూ ఆమెకూ మధ్య ఉన్నది పని. మధ్యాహ్నం ఆమె భర్త ప్రశాంత్ క్యారియర్ తెస్తే ముగ్గురం కూర్చొని తింటాం. ఇంతకంటే ఎక్కువ వెతికేవాళ్లు వెతుక్కోండి.

6. ఈ అంశం కొట్టేయమని వకీలు రెండుసార్లు చెప్పాడు. “ఇది ఆస్తి విషయం కాదు, అనవసరంగా మెడకు చుట్టుకుంటది” అన్నాడు. కొట్టేయను.

తార్నాకలో ఉండే పార్థసారథి సార్ రిటైరైన ప్రొఫెసర్. ఆయన దగ్గర ఎర్ర స్పోర్ట్స్ కారు ఉన్నది. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. క్యాంపస్‌లో స్పీడ్ బ్రేకర్ కొట్టుకొని దాని ఆయిల్ పాన్ పగిలింది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలవ ఉండే ఈ తొట్టినే మేము చాంబర్ అంటాం. కంపెనీది మళ్లీ వేస్తే మళ్లీ పగులుతుందని, సార్ బయటివాళ్లు చేసిన అల్యూమినియం చాంబర్ తెప్పించాడు. అది లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు పోకుండా లోపల అడ్డుగోడలు ఉన్నాయి. లీటరున్నర ఎక్కువ పడుతుంది. అందుకే ఆయిల్ చూసే గేజీ మీద కంపెనీ గీత దానికి పనికిరాదు. పాత గీత దాకా ఆయిల్ కనిపించినా లోపల తక్కువే ఉంటుంది.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉన్నది. చాంబర్ మార్చాక ఆయిల్ కొలిచి పోసి, ఇంజన్ తిప్పి, పది నిమిషాలు ఆగి, గేజీ మీద ఆకురాయితో కొత్త గీత ఉస్తాదే పెట్టాలి. ఇంకెవరూ గేజీ మీద గీత పెట్టకూడదు. ఉస్తాద్ పెట్టానంటే పెట్టినట్టే, మళ్లీ అడగకూడదు. నేను మా ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నదీ ఇదే.

2022 సెప్టెంబరులో ఆ చాంబర్ నేనూ గ్లోరీ కలిసి బిగించాం. మరునాడు గ్లోరీ వేరే కారు కింద ఉండగా సగం ఆయిల్ పోశాను. అప్పుడే కాలేజీ వర్క్‌షాపు నుంచి ఫోన్ వచ్చింది. పాత ఉద్యోగులకు సన్మానం, శాలువాలు, రమ్మన్నారు. చేతులు కడుక్కొని బయల్దేరాను. “గీత పెట్టారా ఉస్తాద్?” అని గ్లోరీ అడిగింది. “పెట్టిన. నువ్వు నాకు నేర్పుతవా?” అన్నాను. పెట్టలేదు. పెట్టాననే అనుకున్నాను. ఆమె గేజీ తీసి చూసి, ఒకే గీత కనబడితే అనుమానపడి మూడుసార్లు ఫోన్ చేసింది. నేను స్టేజీ మీద శాలువా కప్పుకొని ఉన్నాను, ఎత్తలేదు. సార్ కారు కోసం నిలబడి ఉన్నాడు. ఆమె నా మాట నమ్మి, ఉన్న గీత దాకా ఆయిల్ పోసి కారు ఇచ్చింది.

మూడో రోజు క్యాంపస్ మలుపులో ఇంజన్ జామ్ అయింది. బేరింగులు పోయాయి. కారును తాడు కట్టి లాక్కొచ్చారు. సార్ వెనకాల ఆటోలో వస్తున్నాడని తెలుసు. గ్లోరీని జాకీ తెమ్మని లోపలికి పంపాను. గేజీ తీశాను. కొత్త గీత లేదు. ఆకురాయి తీసుకొని అప్పుడు పెట్టాను. సార్ వచ్చాక చూపించాను: “ఇదో సార్, గీత ఈడున్నది, ఆయిల్ గాడున్నది.” వీధిలో నలుగురు పోగయ్యారు. సార్ అందరి ముందు ఆమెతో అన్నాడు, “గీత చూసుకోవడం కూడా రాకపోతే ఈ పనికి ఎందుకొచ్చావమ్మా?”

గ్లోరీ గేజీ చూసింది. నా బొటనవేలు చూసింది. చేతికి పాత గుడ్డ ఇచ్చి, “తుడుచుకోండి ఉస్తాద్, పొడి అంటుకుంది” అన్నది. ఇంకేమీ అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. మరునాడు పొద్దున ఎనిమిదింటికి ఎప్పటిలాగే పనికి వచ్చింది. మూడేళ్లుగా గిరాకీలు వచ్చి, “ఆ అమ్మాయి కాకుండా మీరే చెయ్యండి” అంటున్నారు. నేను సరేనని కారు తీసుకుంటున్నాను, ఆమె చేస్తున్నది.

కాబట్టి రాస్తున్నాను. తప్పు నాది. గీత పెట్టకపోవడం మతిమరుపు, అది ఎవరికైనా జరుగుతుంది. తర్వాత పెట్టడం మతిమరుపు కాదు.

వీలునామా చచ్చాక తెరిచే కాగితం కదా, చచ్చాక ఒప్పుకుంటే ఏం లాభమని ఎవరైనా అడిగితే సరైన ప్రశ్నే. షెడ్డు నా తర్వాతే ఆమెకు పోతుంది, కానీ ఈ ఆరో అంశానికి నా చావుతో పని లేదు. ఇదే మాట పెద్ద అక్షరాలతో వేరే కాగితం మీద రాసి పెట్టాను. రేపు సోమవారం పొద్దున ఎనిమిదింటికి షెడ్డు తలుపు మీద నేనే అంటిస్తాను. భూపాల్ చింపితే మళ్లీ అంటిస్తాను. పది కాపీలు తీయించి పెట్టాను.

7. ఎర్ర కారు నాది కాదు, పార్థసారథి సార్‌ది. “ఇక దాని ముఖం చూడను” అని నా దగ్గరే వదిలేసిపోయాడు. ఇంజన్ మొత్తం మేమిద్దరం మళ్లీ కట్టాం. చాంబర్ ఒక్కటే మిగిలింది. బిగించమంటే గ్లోరీ అన్నది, “గీత ఎవరు పెడతారో చెప్పండి, బిగిస్తాను.” ఏడాదిగా నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. గీత గ్లోరీ పెట్టాలి. ఉస్తాద్ తప్ప ఎవరూ పెట్టకూడదన్న కట్టుబాటును నేనే తీసేస్తున్నాను.

పని ఇట్లా జరగాలి. నేను ఉన్నా లేకపోయినా ఇట్లాగే. కారకుండా చాంబర్ అంచుకు వేసిన పాత పేస్టును చెక్క ముక్కతో గీకాలి, ఇనుముతో గీకితే అల్యూమినియం మీద గాట్లు పడి అక్కడే కారుతుంది. ఆయిల్ పీల్చే గొట్టం మూతి జాలీ మీద పిండి ముద్ద పెట్టి, పేస్టు లేకుండా చాంబర్ ఒకసారి బిగించి విప్పాలి. నలిగిన ముద్ద మందం చూస్తే జాలీకి, అడుగుకు మధ్య ఎంత సందు ఉన్నదో తెలుస్తుంది. చిటికెన వేలు గోరు వెడల్పుకు తగ్గకూడదు. తర్వాత ముద్ద తుడిచి, పేస్టును బోల్టు రంధ్రాలకు లోపలి వైపు సన్నగా తెగకుండా వేయాలి. బోల్టులు నడిమి నుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాలి. బలం చూపించకూడదు, అల్యూమినియం మరలు ఊడివస్తాయి. పేస్టు ఆరడానికి ఒక రోజు ఆగాలి. ఎవరు వచ్చి తొందర పెట్టినా ఆగాలి. ఫోన్ వస్తే ఎత్తకూడదు. ఇదంతా గ్లోరీకి తెలుసు. తెలియనివాళ్ల కోసం రాశాను.

కారుకు కొత్త గేజీ తెప్పించినా, నేను దొంగ గీత పెట్టిన ఆ పాత గేజీని పారేయలేదు. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు వీలునామాలో ఏది రాసినా చెల్లదని వకీలు చెప్పాడు. అందుకని ఈ రోజే దాన్ని పార్థసారథి సార్ చేతికి ఇస్తాను. కంపెనీ గీత ఎట్లా ఉంటుందో, హడావిడిగా పెట్టిన గీత ఎట్లా ఉంటుందో ఆయనే పోల్చుకోవచ్చు. చదువుకున్న మనిషి.

8. గ్లోరీ ఆ షెడ్డును నడిపినా, అమ్మినా, కిరాయికి ఇచ్చినా ఎవరూ అడగకూడదు. బోర్డు మీద నా పేరు ఉంచాల్సిన పని లేదు. ఆమెకు ఆ జాగ వద్దనిపిస్తే వద్దనే హక్కు కూడా ఆమెదే. మూడేళ్లు నోరు మూసుకున్నందుకు కూలిగా ఇస్తున్నానని ఆమె అనుకోకూడదు. కూలి అయితే ఇది చాలదు. పని వచ్చినవాళ్లకు పని జాగ ఇస్తున్నాను, అంతే.

9. ఈ వీలునామా చెల్లదని కోర్టుకు పోయేవాళ్లు పోవచ్చు. నా బంధువులకు తీరిక ఉన్నది. పోయేముందు ఒక్క పని చేయండి. ఏదైనా కారు కిందికి దూరి, చాంబర్ విప్పి, చుక్క కారకుండా మళ్లీ బిగించి బయటికి రండి. అప్పుడు మీ మాట జడ్జి గారు వింటాడో లేదో గాని, నేను వింటాను.

గ్లోరీ ఈ రోజు చర్చికి పోయింది. ఈ కాగితం సంగతి ఆమెకు తెలియదు. రేపు తలుపు మీద చదువుతుంది. చదివి నాతో మాట్లాడకపోయినా, ఈ వీలునామాలో ఒక్క అక్షరం మారదు.

పైన రాసినదంతా నేను రాసి, చదువుకొని, సాక్షుల ముందు సంతకం చేశాను. సాక్షులు నా ముందు సంతకం చేయాలి. పార్థసారథి సార్ ఆరో అంశం చదివాకే పెట్టాలి. పెట్టనంటే బలవంతం లేదు, గల్లీ మొదట్లో టీ కొట్టు సంజీవ్‌ను ఆగమని చెప్పి ఉంచాను.

తార్నాక, 2025 నవంబరు 16, ఆదివారం.

(సంతకం) మేకల కొమురెల్లి

సాక్షులు:

1. కరుణ, రైల్వే ఉద్యోగి, లాలాగూడ. (సంతకం)

2. పార్థసారథి, రిటైర్డ్ ప్రొఫెసర్, తార్నాక. (సంతకం) ఆరో అంశం రెండుసార్లు చదివి సంతకం చేశాను. ఆ అమ్మాయిని వీధిలో, నలుగురి ముందు అన్నాను. రేపు ఎనిమిదింటికి అదే వీధిలో ఉంటాను.