ఎర్రకోటు స్నేహితులు

బుజ్జమ్మకి,

మామయ్య దీవెనలు. మీ అత్తయ్యా నేనూ ఇక్కడ కులాసా. నా మోకాళ్ళు మాత్రం కులాసా కాదు. కారణం కింద రాస్తున్నాను.

గడియారాల కొట్టు మూసేసి ఆరు నెలలైంది కదా. చేతుల వణుకు ఎక్కువై, సెకన్ల ముల్లు పెట్టబోయి గంటల ముల్లు విరగ్గొట్టే స్థితికి వచ్చాను. ఇంట్లో కూర్చుంటే మీ అత్తయ్య కాళ్ళకి అడ్డం. "బీరువాలో పాత కెమెరా ఉంది. పట్టుకుని ఎటైనా పో" అంది. పోయాను.

గ్రంథాలయం వెనక గోడవార నాకు కొత్త స్నేహితులు దొరికారు. ఎండెక్కగానే ఒక్కొక్కరే బయటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంటారు. అందరిదీ ఒకటే వేషం. ఎర్రకోటు, దాని మీద రెండు పెద్ద నల్ల గుండీలు. ఒకరి మీద ఒకరు పడి ఉంటారు గానీ తగువులాడుకోరు. నన్ను చూసి పారిపోరు కూడా. పన్నెండు రోజులు వాళ్ళ మధ్య బోర్లా పడుకుని రోలు పూర్తిచేశాను. నువ్వూ అల్లుడూ మీ స్టూడియోలో కడిగి ప్రింట్లు వేసి పంపండి.

నీ క్షేమం కోరే
మామయ్య

తా.క.: ముందు వరసలో పొట్టిగా ఉన్నవాళ్ళు పిల్లలు. వాళ్ళకింకా గుండీలు కుట్టలేదు.

*

మామయ్యకి,

బుజ్జమ్మ నమస్కారాలు. రోలు కడిగాం. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ముప్పై ఆరు ఫొటోల్లో ఒక్క మనిషీ లేడు. గోడ ఉంది. మట్టి ఉంది. ఎండుటాకులు చాలా ఉన్నాయి. నీ స్నేహితులు మాత్రం ఒక్కరూ పడలేదు.

మామయ్యా, వాళ్ళు నిజంగా అక్కడికి వస్తున్నారా? అత్తయ్యకి కూడా కనిపిస్తున్నారా?

పైగా ప్రతి ఫొటో మీదా ఎర్రసిరా చిలికినట్టు మరకలున్నాయట. మీ అల్లుడు నాకు చూపించకుండానే టచింగుకి కూర్చున్నారు. సన్న బ్రష్షుతో, నాలుగు రోజులు, తల ఎత్తకుండా ఒక్కో చుక్కా చెరిపేశారు. ఇప్పుడు ఆ గోడ కొత్తగా సున్నం కొట్టినట్టుంది. ఒక్క మరక కనిపిస్తే అడుగు.

నీ మేనకోడలు
బుజ్జమ్మ

తా.క.: మా సంగతి అత్తయ్యకి చెప్పకు. ఆయనకి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. నన్నడక్కుండానే స్టూడియో మూసేద్దామని తేల్చేశారు. అప్పట్నించి మా మధ్య మాటల్లేవు, అంతా చీటీల మీదే. నిన్న "టీ?" అని చీటీ వచ్చింది. "పాలు లేవు" అని తిరుగు చీటీ పంపాను. పాలున్నాయి.

*

బుజ్జమ్మా,

నీ ఉత్తరం చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాను. ఆ మరకలే నా స్నేహితులు! పురుగులు తల్లీ, పురుగులు! వేలిగోరంత ఉంటాయి, ఎరుపూ నలుపూ. చెట్టు మీంచి రాలిన గింజల్లో రసం పీల్చుకుని బతుకుతాయి. కుట్టవు, ఎగరవు, ఎవరి జోలికీ పోవు. అలాంటివాళ్ళని అల్లుడు నాలుగు రోజుల్లో ఊరికి ఊరు ఖాళీ చేయించాడు.

నాకు మతి చలించిందేమోనని మీ అత్తయ్యకి వేరే కార్డు రాశావట. ఆవిడ ఇప్పుడు రోజూ నేను ఇంటికి రాగానే మంచినీళ్ళిచ్చి, "ఇవాళ ఎంతమంది వచ్చారండీ?" అని మెల్లిగా అడుగుతోంది.

రెండో రోలు పంపుతున్నాను. అల్లుడితో చెప్పు, ఒక్క కాలు చెరిపినా ఊరుకోను.

కోపం తగ్గని
మామయ్య

తా.క.: నేను బోర్లా పడి ఉండటం చూసి, స్పృహ తప్పిందనుకుని లైబ్రేరియనమ్మ బక్కెట్టు నీళ్ళు కుమ్మరించింది. ఏడో ఫొటోలో తడి అదే. పురుగులు తప్పించుకున్నాయి. నేను తప్పించుకోలేకపోయాను.

*

మామయ్యకి,

పురుగులా! ఆ మాట ముందే రాయొచ్చు కదా. ఈసారి నీ కవరు దగ్గరికి కూడా నేను పోలేదు. అంతా ఆయనే చూసుకున్నారు. ఒక్క పురుగునీ చెరపలేదట. కానీ నీ కెమెరా పాడైందని చీటీ రాశారు. అది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "పదకొండు ఫొటోల్లో ఒకే పురుగు రెండుసార్లు పడింది. రెండు చివర్లా తలలే. మధ్యకి కత్తిరించి సరిచేశాను. దేనికది అట్ట మీద అంటించాను."

ఆయన్ని ఏమీ అనకు మామయ్యా. ఈ చేతిపని అడిగేవాళ్ళు ఎవరున్నారు ఇప్పుడు? ఆయన బ్రష్షు తీసి ఎన్ని నెలలైందో. నీ రోళ్ళు వచ్చాక చీకటిగదిలోంచి ఈల వినిపిస్తోంది. పోట్లాటలో ఉన్నాను కాబట్టి ఆ ఈల నాకు వినపడనట్టే ఉండాలి. తలుపు పక్కన కూర్చుని మరీ వినపడనట్టు ఉంటున్నాను.

బుజ్జమ్మ

తా.క.: సోమవారంలోగా ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టాలట.

*

బుజ్జమ్మా,

అది కెమెరా తప్పు కాదే, కాపురం!

మొగుడూ పెళ్ళాం తోకలు కలుపుకుని, ఎడమొహం పెడమొహంగా, రోజుల తరబడి అలాగే తిరుగుతాయి. ఒకటి ముందుకి నడిస్తే రెండోది వెనక్కి నడవాల్సిందే. పెద్దగా ఉన్నది ఆడది. ఎటు పోవాలో అదే చూసుకుంటుంది, మా ఇంట్లోలాగే. అల్లుడు కత్తెర పట్టుకుని పదకొండు జంటలకి ఒక్క పూటలో విడాకులిప్పించాడు. కోర్టులో కూడా అంత వేగం చూడలేదు.

అయినా కోపం లేదు. నీకొక మాట చెప్పాలి. మోచేతులు నేలకి ఆనిస్తే నా చేతులు వణకడం లేదు. మొదటిరోజు అది గమనించి, ఫొటో తీయడం మానేసి కాసేపు చేతులే చూసుకుంటూ ఉండిపోయాను. అంత చిన్న ప్రాణిని చెయ్యి కదలకుండా కెమెరాలో పట్టగలననుకోలేదు. అందుకే అల్లుడి ఈల సంగతి నాకు తెలుస్తుంది. ఒకసారి అతన్ని ఇటు పంపు. కళ్ళారా చూస్తే మళ్ళీ కత్తెర పెట్టడు.

ప్రేమతో
మామయ్య

తా.క.: తెగిపోయిన జంటల్ని మీ అత్తయ్య జిగురుపెట్టి కలిపింది. రెండు చోట్ల మొగుళ్ళు మారిపోయారేమోనని నాకు అనుమానం. ఆవిడ మాత్రం "ఏం ఫర్వాలేదు, ఇలాగే బాగున్నారు" అంటోంది.

*

మామయ్యా,

నమస్కారాలూ అవీ తర్వాత. ఆయన లేరు!

నీ ఉత్తరం బల్ల మీద పెట్టి "చదవండి" అని చీటీ పెట్టాను. తెల్లారి లేచేసరికి మనిషి లేడు, పెట్టె లేదు, బ్రష్షులు కూడా లేవు. ఒక చీటీ ఉంది గానీ, దాన్ని ఫిల్ము కడిగే మందు సీసా కింద పెట్టారు. మందు కారి అక్షరాలన్నీ కలిసిపోయాయి. మిగిలింది రెండే ముక్కలు. ఒకచోట "వెళ్తున్నాను". ఇంకోచోట "ఇక ఉండలేను".

మూడు రోజులైంది. ఫ్యాక్టరీకి వెళ్ళి అడిగాను, అక్కడికీ రాలేదన్నారు. నువ్వు విడాకులన్న మాట ఎందుకు రాశావు మామయ్యా? ఎడమొహం పెడమొహం అని ఎందుకు రాశావు? పురుగుల గురించి కాదు, తన గురించే అనుకుని ఉంటారు. ఆయనకి అసలే ఉక్రోషం ఎక్కువ. నాకు అంతకంటే ఎక్కువ, అది వేరే సంగతి.

అక్కడికి గానీ వచ్చారా? వెంటనే రాయి.

బుజ్జమ్మ

తా.క.: వస్తే చెప్పు, ఇకమీద చీటీలు రాయను. నోటితోనే పోట్లాడతాను.

*

బుజ్జీ,

దస్తూరీ చూసి కంగారుపడకు. రాస్తున్నది మామయ్యగారు కాదు, నేను. ఏడేళ్ళ కాపురంలో నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఎలా మొదలుపెట్టాలో అత్తయ్యగారిని అడిగితే, "ముందు క్షమించమని రాయి, కారణం తర్వాత దొరుకుతుంది" అన్నారు. క్షమించు.

సీసా మూత బిగించనిది నేనే. ఆ చీటీలో ఉన్నది ఇది: "మామయ్యగారి దగ్గరికి వెళ్తున్నాను. ఆ జంటల్ని కళ్ళారా చూడకుండా ఇక ఉండలేను. నాలుగు రోజుల్లో వస్తాను."

చూశాను. మామయ్యగారు చెప్పింది నిజమే. ఒక జంట గోడవార పొడుగూతా నడిచింది. వెనక్కి నడిచేవాడు దారిలో ప్రతి ఆకుకీ తట్టుకున్నాడు గానీ పట్టు వదల్లేదు.

ఇంకొకటి చెప్పాలి. ఇవాళ పొద్దున్న మామయ్యగారి దగ్గర ఒప్పుకున్నాను. జంటల్ని నిజంగానే తెలియక కత్తిరించాను. కానీ మొదటి రోలులో ఉన్నవి మరకలు కావని నాకు ముందే తెలుసు. భూతద్దం పెట్టుకుని పని చేసేవాడిని, ఒక్కోదానికి ఆరేసి కాళ్ళు కనబడవా? పెళ్ళైన కొత్తలో చీకటిగదిలో బొద్దింక కనిపిస్తే నువ్వు స్టూలెక్కి సాయంత్రం దాకా దిగలేదు. ఆ ప్రింట్లు సర్ది కవర్లో పెట్టేది నువ్వే. పురుగులున్నాయి జాగ్రత్త అని చెబుదామంటే మనకి మాటల్లేవు. చీటీ రాస్తే, ఆ మాట చదివే హడలిపోతావు. అందుకని చెరిపాను. నాలుగు వందల పన్నెండు. మామయ్యగారు విని, "అంత పని చేసే బదులు ఒక్క మాట మాట్లాడితే పోయేది కదరా" అన్నారు. నిజమే అనిపించింది.

కాగితం మీద సంతకం పెట్టలేదు. వారం గడువు అడుగుతూ కార్డు రాశాను. స్టూడియో నిలబడుతుందని నేను చెప్పలేను. కానీ నిన్నడక్కుండా తేల్చేయడం తప్పు. నువ్వు ఆదివారం పొద్దున బండికి రా. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. గోడ దగ్గరికి రానక్కర్లేదు, దూరంగా మెట్ల మీద కూర్చుంటే చాలు. ఎటువైపు ఏం కదిలినా ముందు నేను చూస్తాను.

నీ
టచింగు మాస్టారు

తా.క.: స్టేషన్‌కి నేనే వస్తాను. గుర్తుపట్టడం కష్టం కాదు. చొక్కా ముందువైపంతా మట్టి, వెనకవైపు ఇస్త్రీ నలగలేదు.