పరుపుల కంపెనీ

1987 జనవరి 12

స్తోత్రం. రిక్టర్ ఇంకా బతికే ఉన్నాడు. నేను రాసేది చదవడానికి ఉంటాడు.

నేను పనిచేసిన కంపెనీ అమెరికా బ్రాంచికి పదేళ్ళు నిండుతున్నాయట. చరిత్ర రాసిపెట్టమని ఫ్రీమాంట్ ఆఫీస్ నుంచి ఫోన్. రిటైరైన ఇంజనీర్లలో పుస్తకాలు చదివేవాణ్ణి నేనొక్కణ్ణేనట. నిజమే. మిగిలినవాళ్ళు మెనూ కార్డులు చదువుతారు.

జనవరి 20

ల్యూడర్‌బాఖ్ కంపెనీ. 1921లో జర్మనీలో బండి దీపాలతో మొదలు, తర్వాత కార్లకి షాక్ అబ్సార్బర్లు. యుద్ధంలో ఫ్యాక్టరీ సగం కూలింది. 1946లో ఏం చేసి బతికారో ఇవాళ వచ్చిన ఫోటోల్లో చూశాను. పరుపు స్ప్రింగులు! పగలబడి నవ్వాను.

జనవరి 21

1979లో, మా షాక్‌లు ఇక్కడి నిమిట్జ్ ఫ్రీవే కాంక్రీట్ అతుకుల మీద నడుం విరగ్గొడుతున్నాయని కస్టమర్ల గోల. హెడ్డాఫీస్ జవాబు: షాక్ సరిగ్గానే ఉంది, రోడ్డే తప్పు. కుదుపు తగ్గేలా లోపల మెత్తటి వాల్వ్ పెడదామని నేను మీటింగ్‌లో అన్నాను. టెస్ట్ డిపార్ట్‌మెంట్ హెడ్ రిక్టర్ నోట్లోంచి పైపు తీసి, మేము పరుపులు చెయ్యం మిస్టర్ దైవాశీర్వాదం, పడుకోవాలంటే ఇంటికి వెళ్ళండి అన్నాడు. గదంతా నవ్వింది. రిటైరయ్యేదాకా నేను మిస్టర్ మాట్రెస్‌నే. చర్చిలో ఆనందబాబు కూడా, మాట్రెస్ అన్నయ్యా, వందనాలు అనేవాడు. వాడికి ఆ కంపెనీలో ఉద్యోగం వేయించింది నేనే.

ఫిబ్రవరి 3

రిక్టర్ మీద మూడు పేజీలు. బాగా వచ్చాయి. నా భార్య రూతు ఉంటే, ఇంత విషం దేనికండీ, ఆయన మంచివాడే అనేది. పోయే ముందు ఏడాదంతా అదే మాట. ఆమెకి అందరూ మంచివాళ్ళే, మా పాస్టరుతో సహా.

ఫిబ్రవరి 14

పుస్తకంలో ఫోటోకి ఒక షాక్‌ని కోసి లోపలి భాగం చూపించాలి. ఆఫీస్‌ని అడగడం దేనికి? గరాజ్‌లో మా పాత స్టేషన్ వ్యాగన్ ఉంది. రూతుని ఓక్లాండ్ హాస్పిటల్‌కి తిప్పిన బండి. క్యాన్సర్ వెన్నులోకి దిగాక కాంక్రీట్ అతుకు వచ్చినప్పుడల్లా పళ్ళు బిగపట్టేది. 1982లో కంపెనీ టెస్ట్ గరాజ్‌లో ఓసారి సర్వీస్ చేయించాక బండి ఎందుకో మెత్తబడింది. దారిలో నిద్రపోయేది. నా డ్రైవింగ్ బాగుపడిందనుకున్నాను.

ఫిబ్రవరి 15

కోశాను. లోపల వాల్వ్ రేకులు కాగితంలా పల్చన. ఏ కేటలాగ్‌లోనూ లేనంత మెత్తటి వాల్వ్. టెస్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేత్తో బిగించినవాడు నట్ మీద తన రంగు చుక్క పెట్టాలి. అక్కడి రూల్. రిక్టర్‌ది ఆకుపచ్చ.

మిగతా మూడూ విప్పాను. ఆకుపచ్చ. ఆకుపచ్చ. ఆకుపచ్చ.

ఫిబ్రవరి 16

రిక్టర్‌కి ఫోన్ చేశాను. తనకేమీ తెలియదన్నాడు. ఆకుపచ్చ అన్నాను. పైపు పీల్చిన చప్పుడు. క్రిస్మస్ పార్టీలో మీ మిసెస్ కుర్చీలో కూర్చోవడం చూశాను, అంతే అన్నాడు. నాకెందుకు చెప్పలేదన్నాను. చెబితే పౌరుషానికి పోయి పీకించేసేవారు అన్నాడు. అదీ నిజమే. రూతుకి తెలుసా అని అడిగాను. నొప్పి చిన్న కుదుపుకా, పెద్ద కుదుపుకా అని ఆమెను అడక్కుండా వాల్వ్ ఎలా కడతాను, ఈ వయసులో మీకు ఇంజనీరింగ్ నేర్పాలా అన్నాడు.

మారలేదు. థాంక్స్ చెప్పాను. మళ్ళీ చెప్పాను.

ఫిబ్రవరి 17

మూడు పేజీల్లో రెండు చింపేశాను. ఒకటి ఉంచాను. ఆ మీటింగ్ మీటింగే.

మార్చి 2

ఉత్పత్తుల పేజీలో చివరి లైన్ పొరపాటేమోనని ఆఫీస్ నుంచి ఫోన్. కాదు, అలాగే ప్రింట్ చెయ్యమన్నాను.

1982, ఫ్రీమాంట్: పరుపులు, నాలుగు.