విత్తనాల బుర్ర

శ్రావణ శుద్ధ తదియ, సోమవారం

తెల్లవారినప్పటి నుంచీ ముసురు. సలహా కేంద్రం తలుపు తీయబోతే సమ్మక్క అప్పటికే అరుగు మీద నిలబడి ఉంది. నిలువునా తడిసింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆడిబిడ్డ వచ్చుడు వచ్చుడే దూలం దిక్కు పోయింది. ఇంకోదిక్కు చూడనన్న చూడలే. సొరకాయ బుర్ర దింపింది, చెయ్యి పెట్టింది, గోలీలన్ని తీసి మా ఆయన ముందర పోసింది."

మూర్ఛకు వాడే మాత్రలవి. పెళ్ళికి ముందు నుంచీ వేసుకుంటున్నది. అత్తవారికి తెలియదు. ఎండిన సొరకాయ బుర్రలో, చిక్కుడు విత్తనాల అడుగున దాచుకొనేది. ఈ సంగతి ఎరిగినవాళ్ళం ఇద్దరమే — నేను, కేంద్రంలో ఉద్యోగం చేసే సునీత. సమ్మక్క భర్తను మెల్లగా పిలిపించి, డాక్టరు నోటనే చెప్పించాలని మూడు నెలలుగా దారి వేస్తున్నాము. వచ్చే వారమే పిలవవలసింది...

ఇప్పుడు పుట్టింట్లో ఉంది. ఐదేళ్ళ పాపను అత్త పంపలేదు. 'మూర్ఛదాని చేతికి పిల్లనెట్ల ఇస్తం' అన్నదట.

అప్పుడే వచ్చిన సునీత వైపు సమ్మక్క వేలు చూపింది. "నువ్వే చెప్పినవ్. మా పక్కూరే గద నీది. కారేపల్లి దాక పోయిందట నా ముచ్చట. ఎవరు మోసిండ్రు మరి? ఈ అమ్మ చెప్పదు. అమ్మ దేవుని కథలు చెప్పే మనిషి."

సునీత నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

చవితి, మంగళవారం

ఆ ఆడపడుచు కాపురం కారేపల్లిలో. నిన్ననే అర్థమైంది. రాయలేదు.

పంచమి, బుధవారం

రాయాలి. కనీసం ఈ పుటలోనైనా.

తొలి ఏకాదశి నాడు కారేపల్లి మండపంలో పురాణం చెప్పాను. స్త్రీల సహనాన్ని గురించిన ఘట్టం. దృష్టాంతంగా ఒక కథ కల్పించాను. పేరు మార్చాను. ఊరు మార్చాను. కాలాన్నే మార్చాను — రాజులనాటి ఇల్లాలిని చేశాను, మాత్రలను మూలికలు చేశాను. బుర్రను మాత్రం మార్చలేకపోయాను.

విత్తనాల నడుమ మందు! "విత్తనమంటె ఎవ్వరు ముట్టరమ్మా" అని సమ్మక్క అన్ననాడే ఆ మాట నాలో పద్యపాదమై నిలిచింది. కుండ అనవచ్చు, గంప అనవచ్చు... అనబుద్ధి కాలేదు. యతి కుదిరినచోట పదాన్ని కదపడానికి చేయి రాదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పద్యం నేర్పినదాని చాపల్యం. సభ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం నాకు రుచించింది.

పైగా నన్ను పరిచయం చేసిన తీరు — 'సలహా కేంద్రంల ఎందరి కన్నీళ్ళో తుడిచే అమ్మగారు'. శ్రోతల్లో దూలానికి బుర్ర వేలాడే ఇంటి ఆడపడుచు ఒకతె ఉంది. విత్తుల వేళ కూడా వదిన ఆ బుర్రను దింపనివ్వదని ఆమెకు తెలుసు. ఇంకేం కావాలి?

సాయంత్రం మండపం నడిపే రంగమ్మగారి ఫోను. "అమ్మగారూ, మీ సొరకాయ కథ మమ్మల్ని పట్టుకున్నది పో! ఇంట్ల ఏ బుర్ర కనవడ్డా బోర్లించి చూస్తున్నం. మా కోడలైతే 'నా దాంట్ల చింతపండే ఉన్నది, సూస్కో అత్తమ్మా' అని కుండ తెచ్చి నా ముందర పెట్టింది!"

నవ్వింది. నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగానో.

షష్ఠి, గురువారం

సమ్మక్క మాట మీద విచారణ అట. అది ముగిసేవరకు సునీతను రావద్దన్నారు. సోమవారం జిల్లా నుంచి అధికారిణి వస్తారు. ఏడాదికొకసారి పొడిగించే ఉద్యోగం సునీతది. గుట్టు బయటపెట్టిందన్న మాట కాగితం మీద పడితే ఇక్కడే కాదు, ఈ వృత్తిలోనే మరెవరూ తీసుకోరు. తాళంచేతులు నాకిస్తూ —

"మీరన్న నమ్ముతున్రా మేడం?"

నమ్ముతున్నానన్నాను. నాకన్నా ఎవరు నమ్మగలరు?

నిరుడు ఒకనాడు అన్నది... "వాళ్ళ ముచ్చట్లు కథలల్ల గూడ వాడొద్దు మేడం. పేరు తీసేసినా మనిషి అండ్లనే ఉంటది." నేను నవ్వి, నువ్వు పుట్టకముందు నుంచీ రహస్యాలు మోస్తున్నానే పిల్లా, అన్నాను.

సప్తమి, శుక్రవారం

కేంద్రంలో ఒంటరిగా. ఎవరూ రాలేదు. సమ్మక్క మాట చుట్టుపక్కలకు పాకినట్లుంది.

ఎదురుగోడ మీద ఫలకం — 'ఇచట పలికిన మాట ఇచటనే నిలుచును.' నా రచనే. నా దస్తూరియే. గోడకెక్కించిన నాడు చప్పట్లు కొట్టారు.

సాకులు వెతుకుతున్నాను. సునీత చిన్నది, మరో పని చూసుకుంటుంది. నాకు ఈ వయసులో మిగిలింది పేరొక్కటే... రాసి చూస్తే ఎంత అసహ్యంగా ఉంది! కొట్టివేయను. ఉండనీ.

అష్టమి, శనివారం

అధికారిణికి ఉత్తరం. నాలుగు చిత్తుప్రతులు.

మొదటిది ధర్మసూక్ష్మ విచారణతో మొదలైంది. రెండవదానిలో 'విధివశాత్తు' అన్నాను — విధికేమి పని ఇందులో? మూడవది చదువుకుంటే నాకే కన్నీరు వచ్చింది. చింపివేశాను. నాలుగవది మూడు వాక్యాలు. తొలి ఏకాదశి నాడు కారేపల్లిలో సమ్మక్క సంగతిని కథగా చెప్పాను. ఆమె అనుమతి తీసుకోలేదు. సునీతకు దీనితో సంబంధం లేదు.

ఇంత చిన్నదా?

నవమి, ఆదివారం

అధికారిణి కన్నా ముందు వినవలసినది సునీత. వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో బట్టలు పిండుతున్నది. నిలబడే చెప్పాను. చేతిలోని చీరను పిండుతూనే ఉంది — నీరు రావడం ఆగిన తరువాత కూడా.

"ఆరు రోజులు, మేడం."

అవును.

"మా అమ్మ గూడ అడిగింది. 'నిజంగ చెప్పలేదా బిడ్డా' అని."

తిట్టలేదు. తిడితే బాగుండును. తీగె మీద చీర ఆరేసి, "చాయ్ తాగుతరా" అన్నది. తాగాను. చక్కెర వేయడం మరిచింది. అడగలేదు.

దశమి, సోమవారం

అధికారిణి ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. లేచి తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మా, మీ వయసేంది, మీ పేరేంది... 'ఎట్ల బయటపడ్డదో తెలియలేదు' అని రాస్త. సునీత మీదికి రాదు, మీ మీదికి రాదు. అయిపాయె."

ఎంత సులువు! ఒళ్ళంతా సరే అన్నది. వారం రోజులుగా నిద్రలేని ఒళ్ళు. కాని సమ్మక్క కళ్ళలో దోషి సునీతే కదా... ఉన్నది ఉన్నట్లు రాయమన్నాను.

కలం మూసింది, మళ్ళీ తెరిచింది. "మరి రేపటి సంది మీరు రాకుండ్రి."

పదకొండేళ్ళుగా వస్తున్న చోటు. లేచాను.

తాళంచేతులు సునీత చేతిలో పెట్టాను. తీసుకుంటూ అన్నది — "మరి ఆమెకెవరు చెప్తరు మేడం? పుట్టింటికి గోలీలు తెచ్చుకోలే. దవాఖానకు పోతలేదు. నా ఫోన్ ఎత్తుతలేదు."

ద్వాదశి, బుధవారం

సమ్మక్క పుట్టింటికి ఒంటరిగా బయలుదేరాను. ములకలపల్లి దాటాక వాగు రోడ్డెక్కింది. కండక్టరు చేయి అడ్డం పెట్టి, "ఇయ్యాల దేవుడొచ్చినా దాటడమ్మా, దిగకుండ్రి" అన్నాడు. బస్సు వెనుదిరిగింది. లోలోపల హాయి. ఆ హాయిని గుర్తించి భయపడ్డాను.

విన్న సునీత మండిపడింది. "అడగకుండ ఎట్ల పోయిండ్రు మేడం? ఆమె ఇల్లు గద అది!"

నిజమే. మళ్ళీ అడగలేదు నేను.

త్రయోదశి, గురువారం

సునీత ఫోను చేస్తే సమ్మక్క తల్లి ఎత్తిందట. 'రానీ' అన్నారట. అన్నది తల్లా, కూతురా — సునీత అడిగింది. కూతురే.

చతుర్దశి, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతానికి మూడిళ్ళ పిలుపు. కథ చదవాలట. రానన్నాను.

వాగు తగ్గింది. సునీత స్కూటీ వెనుక కూర్చుని ప్రయాణం. సమ్మక్క తల్లి ఇల్లు ఊరి చివరిది. దాని వెనుక ఇక అడవే. సునీత వాకిట్లో ఆగిపోయింది. దవాఖానా నుంచి తెచ్చిన మాత్రల పొట్లం నా చేతికిచ్చింది. "మీరు పోండ్రి."

సమ్మక్క చాప మీద కూర్చుని రాతితో ఇప్పగింజలు పగలగొడుతున్నది. కణత మీద తాజా గాయం. మొన్న పొయ్యి దగ్గర పడిపోయిందట. తల్లి చెప్పింది.

ఉపమానం లేకుండా చెప్పాను. చెప్పింది సునీత కాదు. నేను. కారేపల్లిలో, కథగా.

చేతిలో రాయి ఆగింది.

"ఎంతమంది విన్నరు?"

మండపం నిండా, అన్నాను.

"నా పేరు చెప్పినవా?"

లేదు.

"మరి నేనెట్ల దొరికిన?"

బుర్ర, అన్నాను. ఆ ఒక్కటీ మార్చలేదు.

గింజల చిప్పలు పక్కకు ఊడ్చింది. అరచేతితో, నెమ్మదిగా. "అంత మంచిగనిపించిందా నీకు, నా బుర్ర?"

అవునన్నాను. అబద్ధమాడే ఓపిక కూడా లేదు. క్షమించమని అనబోతే చేయెత్తి ఆపింది.

"గదంత తర్వాత. గా కథల నేనేమైన, చివరికి?"

కారేపల్లిలో నేను చెప్పిన ముగింపు... భర్తే బుర్రను దింపుతాడు. ప్రతి ఉదయం ఒక మూలికను తన చేత్తో అందిస్తాడు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. హారతి ఇచ్చారు.

చేతిలోని పొట్లం వైపు చూశాను.

"చెప్పు. అందరికి చెప్పినవ్ గద."

పౌర్ణమి, శనివారం

చెప్పలేదు. పొట్లాన్ని చాప మీద, గింజల పక్కన పెట్టి లేచాను. తీసుకోలేదు. తోసివేయనూ లేదు. వాకిట్లో సునీతను చూసి సమ్మక్క తలదించుకున్నది. సునీత "పైలం అక్కా" అని మాత్రం అన్నది.

ఈ ఉదయం సునీత ఫోను. "ఇది మీకు చెప్పొద్దు మేడం, మీరిప్పుడు బయటి మనిషి. ఆమెనే చెప్పమన్నది కాబట్టి చెప్తున్న."

పాపను ఇంకా పంపలేదట. చాప మీద పొట్లం లేదట. వేసుకున్నదో, పారవేసిందో తల్లికి కూడా తెలియదు. నన్ను మాత్రం మళ్ళీ రమ్మన్నదట.

"చివర చెప్పకుండ పోయిందేంది అమ్మ, అంటున్నది."

ఆ ముగింపు చెబితే ఆమె ముఖం ఎలా చూడను? మరొకటి కల్పించి చెప్పే హక్కు ఎక్కడిది?

సోమవారం తొమ్మిదింటి బస్సు. పైన అడవిలో వాన పడుతున్నదంటున్నారు.