నాన్న చెప్పొద్దన్న మాట

పారిస్,
29 డిసెంబరు 2001

అమ్మకి,

నీ వేణి నమస్కారాలతో రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకు. యానాంలో నువ్వూ, మామ్మా, తమ్ముడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మామ్మ మోకాళ్ళకి నేను పంపిన మందు పనిచేసిందా? చలికాలం కదా, పొద్దున్నే చేపల మార్కెట్టుకి వెళ్ళేటప్పుడు చెవులకి గుడ్డ కట్టుకో.

క్రిస్మస్ సెలవలకి లియాన్‌లో మా కాలేజీ హాస్టల్ మూసేశారు. తోటి పిల్లలంతా ఇళ్ళకి పోయారు. నేను అనుకున్నట్టే రైలెక్కి పారిస్ వచ్చాను. ఇక్కడ సిస్టర్లు నడిపే ఆడపిల్లల హాస్టల్లో చిన్న గది దొరికింది. కిటికీ తీస్తే ఎదురింటి గోడ తప్ప ఏమీ కనపడదు.

మంచు పడుతోందా అని అడిగావు. ఒక రోజు పడింది. పడేటప్పుడు ముద్దుగానే ఉంది గానీ మర్నాటికి రోడ్లన్నీ బురద. చేపలు దొరుకుతాయా అన్నావు. దొరుకుతాయి. ఐసు మీద వరసగా పరిచి అమ్ముతారు, బేరాలుండవు. ఒక కొట్టు ముందు కానాగంత చేపలు చూస్తూ నిలబడితే అమ్మేవాడు ఏం కావాలని అడిగాడు. మొప్పలెత్తి చూడనిస్తావా అని అడగడానికి నాకు నోరు రాలేదు. నువ్వయితే అడిగేదానివి.

పెద్ద ఇనప టవరు చూశాను, కిందనుంచే. మామ్మతో చెప్పు, ఇక్కడి నది మన గౌతమి ముందు ఓ పెద్ద కాలువ. మనల్ని ఏరు దాటించే ఎదుర్లంక పంటు తెచ్చి ఇందులో అడ్డంగా తిప్పితే గట్లకి తగులుతుందేమో. జనవరి ఒకటి నుంచి ఇక్కడ ఫ్రాంకులు పోయి యూరోలొస్తున్నాయి. ముసలివాళ్ళు కొట్లలో నిలబడి అచ్చం మామ్మలాగే సణుగుతున్నారు.

ఇంత రాసినా నువ్వు అసలు అడిగినదానికి ఇంకా రాలేదు. "మీ నాన్న కనపడితే తిట్టకు. ముందు అన్నం తిన్నాడా అని అడుగు" అని రాశావు. అమ్మా, తలుపు వేసుకుని కూర్చుని ఇక్కడి నుంచి చదువు. మామ్మకి పైకి చదివి వినిపించకు.

వచ్చిన మర్నాడే, నాన్న ఆఖరి కవరు మీదున్న అడ్రసుకి వెళ్ళాను. ఉత్తరం వైపు రైల్వేస్టేషన్ వెనక, తమిళుల కొట్లుండే వీధి. నువ్వు తిట్టొద్దన్నావు గానీ దారి పొడుగునా నేను తిట్లే కూడబెట్టుకున్నాను. నాలుగేళ్ళుగా ఉత్తరం లేదు, ఫోను లేదు. అక్కడెవర్నో కట్టుకున్నాడని ఊరంతా అంటుంటే నువ్వు తలొంచుకుని చేపలమ్ముకోవడం చూస్తూ పెరిగాను. తాతయ్య నాటి ఫ్రెంచి పౌరసత్వం మనింటికి చేసిన మేలు, ఆయన పారిపోవడానికి దారి చూపించడమే అనుకునేదాన్ని.

ఐదో అంతస్తులో తలుపు తీసినాయన పేరు ఆశీర్వాదం. మన యానాం చర్చి దగ్గరి మనిషే. ఇక్కడ హోటల్లో వంట చేస్తారు. నాన్నా ఆయనా కలిసి ఆ గదిలోనే ఉండేవారట. నేను ఫ్రెంచిలో మొదలుపెట్టాను. ఆయన నా మొహంకేసి చూసి తెలుగులో అడిగారు.

"లోకనాథ్ కూతురివా?"

"అవునండి. నాన్న ఉన్నారా అండి?"

"లోపలికి రామ్మా. ముందు కూర్చో."

నేను కూర్చోలేదు. గదిలో ఒకటే మంచం ఉంది.

"ఎక్కడికెళ్ళారండి?"

ఆయన తలుపు దగ్గరగా వేశారు. "కిందటేడు మార్చిలో పోయాడమ్మా," అన్నారు.

అమ్మా, ఈ మాట నీకెలా రాయాలో తెలియకే ఇన్ని రోజులూ ఊరు తిరిగాను. టవరూ, నదీ, చేపల కొట్టూ అన్నీ ఆ తర్వాత చూసినవే. గదిలో ఉండలేక నడిచాను, అంతే.

ఆశీర్వాదం గారు చారు కాచి అన్నం పెట్టారు. నేను తింటుంటే చెప్పారు.

"కిడ్నీలు రెండూ పాడైపోయాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రిలో మిషను మీద పెట్టేవారు. అది వదిలి విమానం ఎక్కడానికి లేదు. కాస్త నయమయ్యాక ఇంటికెళ్తానురా అనేవాడు. ఉత్తరం రాద్దామని కాగితం తీసేవాడు. బాగున్నానని అబద్ధం రాయడానికి చెయ్యి రావట్లేదని మళ్ళీ లోపల పెట్టేసేవాడు."

"పోయాకైనా మాకు కబురు చెయ్యొచ్చు కదండి!" అని అరిచాను.

"నాచేత ఒట్టేయించుకున్నాడమ్మా. మీ తాత పోయినప్పుడు, పదో రోజున మీ మామ్మ గాజులు పగలగొడుతుంటే ఆడు పక్కనే ఉన్నాడంట. చిన్నపిల్లాడు. ఆ ఏడుపు మర్చిపోలేదు. 'ఉషకి అది జరగకూడదురా. నేను పోయానని తెలిస్తే దాని బొట్టు చెరిపేస్తారు. ఎవత్తినో కట్టుకుని రాకుండా పోయాడని నన్ను తిట్టుకోనీ, ఫర్వాలేదు. దాని బొట్టు దానికుంటది' అన్నాడు."

నేను కంచం పక్కకి జరిపాను.

మర్నాడు ఆయన నన్ను ఊరి చివర శ్మశానానికి తీసుకెళ్ళారు. చిన్న రాయి. నాన్న పేరులో ఒక అక్షరం తప్పు పడింది. "మార్చమని చెప్పానమ్మా, వినిపించుకోలేదు," అని ఆయన నొచ్చుకున్నారు. తన పద్ధతిలో ప్రార్థన చేసుకున్నారు. నాకేం చెయ్యాలో తెలియలేదు. "నాన్నా, నేను వేణిని. అమ్మ బాగానే ఉంది," అన్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏడుపొచ్చింది.

నీకు చెప్పొద్దని ఆశీర్వాదం గారు బతిమాలారు. నాన్న మాట నిలబెడదామనే నేనూ అనుకున్నాను. ఆ అడ్రసులో ఎవరూ లేరని రాసేస్తే సరిపోయేది. కానీ ఫ్రాన్సు నుంచి ఎవరొచ్చినా నువ్వు వాళ్ళ గుమ్మంలో నిలబడి "మా ఆయన కనపడ్డాడాండీ" అని అడుగుతావు. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటారు. నిన్ను వదిలేశాడనుకుంటూనే నువ్వు ముసలిదానివైపోతే నేను చూడలేను. నాన్న నిన్ను వదల్లేదమ్మా. నీకు బొట్టు మిగలాలని ఆయన అనుకున్నాడు. నాకు మాత్రం, నీకు ఈ మాట మిగలాలని ఉంది.

బొట్టు సంగతి నీ ఇష్టం. ఉంచుకుంటే ఉంచుకో, తీసేస్తే తీసెయ్యి. ఇక్కడి మాట నా నోటి నుంచి ఊళ్ళోకి రాదు. మామ్మకి చెప్పాలో వద్దో కూడా నువ్వే ఆలోచించు. ఆవిడ కన్న కొడుకు కదా. నువ్వు ఏం చేసినా ఎందుకలా చేశావని నేను ఎప్పటికీ అడగను.

ఈ ఉత్తరం చేరడానికి పది రోజులు పట్టొచ్చు. జనవరి రెండో ఆదివారం మధ్యాహ్నం అప్పాయమ్మత్త ఇంటికి ఫోను చేస్తాను, వెళ్ళి కూర్చో. చుట్టూ మనుషులుంటారు, నువ్వేమీ మాట్లాడలేవు. మాట్లాడొద్దు. నాన్న గురించి ఆశీర్వాదం గారు చెప్పినవి ఇంకా చాలా ఉన్నాయి. అవన్నీ నేను చెప్తుంటాను. నువ్వు ఊఁ కొడుతూ ఉండు, చాలు.

ఇట్లు,
నీ పెద్దపిల్ల
వీరవేణి