బంగారమ్మ కథకు రెండు ముగింపులు

తెనాలి,
మే 6

నేనెంతో అభిమానించే రాజరాజేశ్వరి టీచరు గారికి,

అన్యాయం జరిగింది. చేసింది మీరు. పన్నెండేళ్లు నెలనెలా బంగారమ్మ కథ రాశారు. సూర్యలంకలో మా ఆడవాళ్లంతా పని మానుకుని విన్నారు. తీరా ఆఖరి భాగంలో బంగారమ్మ మొగుడు వీరాసామిని చంపేశారు. సముద్రంలో చేపల వేటకెళ్లి కనబడకుండా పోయిన మనిషికి గడ్డిబొమ్మ చేయించి, పెళ్లాం కళ్లముందే దానికి నిప్పు పెట్టించి, దినం జరిపించేశారు. ఇదా ముగింపు? శవం దొరకని చావును ఒప్పుకుంటే లాభం ఎవరికి? వెతకడం మానేసిన ప్రభుత్వానికి! తుపాను హెచ్చరికను లెక్కచేయకుండా బోటు పంపిన యజమానికి! నేను చదివిన ప్రతి కరపత్రమూ ఇదే చెబుతోంది: నిలదీయాల్సిన నోటిని కర్మకాండ మూయిస్తుంది.

మీ కథను ఇక్కడి ప్రెస్సులో కంపోజ్ చేసేది నేనే. మీరు బాపట్ల బడిలో చెప్పే రోజుల్లో మీ గుమ్మంలోకి చేపలు తెచ్చిన రత్తమ్మ కొడుకుని. అందుకే దాచకుండా చెబుతున్నాను. మీ చివరి నాలుగు పేజీలు తీసేసి, నేను రాసినవి పెట్టాను. సంపాదకులు జయకృష్ణ గారికి తెలియదు. నా ముగింపులో వీరాసామి తిరిగొస్తాడు. పత్రిక ఊళ్లకు వెళ్లిపోయింది. కేసు పెట్టుకోండి, నా ఉద్యోగం తీయించండి.

మా నాయన లక్ష్మయ్య వేటకెళ్లి ఎనిమిదేళ్లయింది. మొన్న ఆదివారం నా ముగింపు చదివి వినిపిస్తే అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. సంతోషంతో. మీరు రాసిందే విని ఉంటే ఆవిడ ఏమైపోయేది?

కోపంతో, గౌరవంతో కూడా,
శివ


రేపల్లె,
మే 11

నాయనా శివా,

ఉత్తరం అందింది, పత్రికా అందింది. నీ నాలుగు పేజీలు బాగున్నాయి. నేను మొదట రాసిందీ అదే. వీరాసామి వాకిట్లో నిలబడతాడు, బంగారమ్మ నోటికొచ్చినట్టు తిడుతుంది. రాసి, మురిసిపోయి, చించేశాను. ఎందుకో చెప్పనని ఒకరికి మాటిచ్చాను. ఇవాళ ఆ మాట తప్పుతున్నాను.

కిందటి డిసెంబరులో మీ అమ్మ రేపల్లె వచ్చింది. మంచినీళ్లయినా తాగకుండా అడిగింది.

"కథ ఎప్పుడు ముగిస్తారండి టీచరమ్మా?"

"నీకెలా కావాలే రత్తమ్మా?"

"వీరాసామిని పంపించేయండమ్మా. దినం పెట్టించండి. మావోడికి నేను చెప్తే వినడు. దినం అన్నానా, ఆ కాగితాలు తీసి గంటసేపు ఉపన్యాసం. వాడు తప్ప వాళ్ల నాయన బొమ్మకి నిప్పు పెట్టేవాడెవడు నాకు? మీ కథంటే వాడికి ప్రాణమండి. మీరు రాస్తే వింటాడు."

ఎనిమిదేళ్లుగా ఆమె ఒక్క రోజు కూడా ఊరు దాటి ఉండలేదట. అక్క కూతురు కుమారి పెళ్లికీ వెళ్లలేదు, మీ నాయన వస్తే ఇంట్లో ఎవరూ ఉండరని. మా ఇంట్లోనూ కూర్చున్నది పావుగంటే. మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది.

నీ ముగింపు విని ఆమె ఎందుకు ఏడ్చిందో ఇప్పుడు ఆలోచించు. నా పేజీలు నీ దగ్గరే ఉన్నాయి. ఎవరికీ ఏమీ చెప్పను.

నీ టీచరు,
రాజరాజేశ్వరి


సూర్యలంక,
మే 16

టీచరమ్మా,

బాపట్లలో దిగి ఆటో ఎక్కలేదు. నడిచాను. ఇంటికెళ్లేసరికి అమ్మ చేపలు ఎండబెడుతోంది.

"ఏంటమ్మా, నాకు తెలియకుండా కథలు రాయిస్తున్నావా?" అన్నాను.

"చెప్తే విన్నావా ఏంటి? నువ్వు దేశాన్ని బాగు చేసేవాడివాయె, అమ్మ మాటెందుకు?"

అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పనిది. ఆ రోజు నాయనతో వేటకు నేనూ వెళ్లాలి. పదిహేడేళ్ల వాణ్ణి. "నీలాగా ఒకడి బోటు మీద చచ్చేదాకా కూలి చేయను" అని మొహం మీద అరిచి, తెనాలిలో సభకు పోయాను. నాయన ఒక మనిషి తక్కువగా వెళ్లాడు. దినం పెడితే ఆయన చనిపోయినట్టు. చనిపోతే, చంపింది నేను. కరపత్రాల్లో అంతా నిజమే ఉంది టీచరమ్మా. ఆ నిజం వెనకాల దాక్కున్నది నేను. ఎనిమిదేళ్లు అమ్మను వాకిట్లో కూర్చోబెట్టాను.

అమ్మ చేతులు కడుక్కోకుండానే నా జుట్టు పట్టుకుంది. "మహా మొనగాడివి బయల్దేరావురా! నువ్వు పడవలో ఉంటే గాలి భయపడి ఆగేదా? నాకు ఇద్దరికి పెట్టాల్సొచ్చేది దినం." తిడుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

జయకృష్ణ గారితో చేసింది చెప్పేశాను. చాలాసేపు తిట్టారు. మీ అసలు ముగింపు వచ్చే సంచికలో నా క్షమాపణతో వస్తుంది. కానీ అమ్మ అంతవరకు ఆగనంటోంది. ముందు ఒడ్డున అందరికీ మీ నాలుగు పేజీలు చదువుతాను. తర్వాత నాయనకు నిప్పు పెడతాను. ఆ తర్వాత ఆ బోటు యజమాని ఇంటికీ వెళ్తాను, అది వేరే సంగతి.

బోట్లన్నీ వేట నిషేధంలో ఒడ్డునే ఉన్నాయి. ఊరంతా ఉంటుంది. మీరు లేకుండా చదవలేను. ఈ నెల ఇరవై నాలుగు, ఆదివారం, ఉదయం ఏడు గంటలకు, సూర్యలంక ఒడ్డున మా ఊరి బోట్ల దగ్గరికి రండి.

లక్ష్మయ్య కొడుకు,
శివ